చూస్తూ చూస్తూనే ఆగిపోతోంది, కింద పడదు. ఇవి కూడా ఫిట్సేనా?

విభాగం: ఆరోగ్యం › పిల్లలు

చిన్నీ_వాళ్ళమ్మ (తెనాలి) | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాపకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. రెండు మూడు నెలలుగా ఒకటి గమనిస్తున్నాను. అన్నం తింటూ ఉంటుంది, ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, రెప్పలు సన్నగా కొట్టుకుంటాయి. పిలిస్తే పలకదు. పది సెకన్లు ఉంటుందేమో, తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ తినేస్తుంది. "ఏమైందమ్మా" అంటే "ఏం కాలేదే" అంటుంది. దానికి నిజంగానే తెలియదు.

పరధ్యానంగా ఉంటోంది, డిక్టేషన్‌లో మాటలు వదిలేస్తోంది అని టీచరు డైరీలో రాసి పంపారు. మా అత్తగారు దిష్టి అని తాయెత్తు కట్టించారు. మా మరిదికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవట. నేల మీద పడి కొట్టుకునేవాడు, నోటి వెంట నురగ వచ్చేది. మా ఇంట్లో అందరికీ ఫిట్స్ అంటే అదే. పాప ఎప్పుడూ పడలేదు, కొట్టుకోలేదు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. పడకుండా కూడా ఫిట్స్ వస్తాయా? పిల్లల డాక్టరుకి చూపించాలా, నరాల డాక్టరుకా?

ఈఈజీ_గది (హైదరాబాద్) | సోమవారం, రాత్రి 10:25

వస్తాయమ్మా. మీరు రాసింది చదువుతుంటేనే ఆబ్సెన్స్ సీజర్స్ (పడకుండా, కాసేపు తెలివి మాత్రం ఆగిపోయే ఫిట్స్) గుర్తుకొచ్చాయి. నేను ఈఈజీ (తలకి తీగలు పెట్టి మెదడులోని విద్యుత్ అలలను రికార్డు చేసే పరీక్ష) తీసే టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాను. రోగం పేరు చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఇలాంటి పిల్లల్ని మా గదిలో తరచూ చూస్తుంటాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

ఆబ్సెన్స్ ఎక్కువగా నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లల్లో మొదలవుతుంది. ఉన్నట్టుండి వస్తుంది, ఉన్నట్టుండి పోతుంది. రోజుకి పదుల సార్లు రావచ్చు. పిల్లలు పడరు, తర్వాత మత్తుగా ఉండరు. అందుకే ఇంట్లోవాళ్ళు నెలల తరబడి పట్టించుకోరు, బడిలో మాత్రం "వినడు, చూడడు" అని తిట్లు పడుతుంటాయి.

పరధ్యానానికీ దీనికీ తేడా ఇది. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తడితే ఈ లోకంలోకి వచ్చేస్తుంది. పాఠం విసుగ్గా ఉన్నప్పుడే అలా ఉంటుంది. ఆబ్సెన్స్ అయితే తట్టినా ఆగదు. ఆటలో, తిండిలో, మాట మధ్యలో, ఇష్టమైన పని చేస్తున్నా వస్తుంది. ముద్ద నోటి దగ్గర ఆగిందన్నారు చూడండి, అది డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మా దగ్గర ఈఈజీ తీసేటప్పుడు మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాం. చిన్నపిల్లలైతే కాగితం గాలిపంకా చేతికిచ్చి ఊదమంటాం. మందు మొదలుపెట్టని ఆబ్సెన్స్ పిల్లల్లో చాలామందికి ఆ ఊదడంలోనే వచ్చేస్తుంది. ఆ క్షణంలో తెర మీద సెకనుకి మూడు చొప్పున ఒకే రకం అలలు తల రెండువైపులా ఒక్కసారే కనిపిస్తాయి. ఇంట్లో మీరు ఊదించి చూడకండి, ఆ పరీక్ష డాక్టరు ఎదుటే జరగాలి. ఇంట్లో మీరు చేయాల్సింది వీడియో. అన్నం దగ్గర ఫోన్ నిలబెట్టి వదిలేయండి, ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది. పిల్లల నరాల డాక్టరు దొరికితే మంచిది, లేకపోతే ముందు పిల్లల డాక్టరుకే ఆ వీడియో చూపించండి.

ఓరుగల్లు_కిరణం (హన్మకొండ) | సోమవారం, రాత్రి 11:10

అక్కా, ఈఈజీ అన్న చెప్పింది నిజం. నాది వేరే రకం, కానీ పడకుండనే మొదలైంది. ఇంటర్ల ఉన్నప్పుడు పొద్దుగాల లేచినంక చేతులు ఉత్తగనే ఎగురుతుండె. బ్రష్ చేతిలకెల్లి ఎగిరి పడేది, చాయ్ గిలాస జారిపోయేది. "సోయి లేదా నీకు" అని అమ్మ తిట్టేది. నేను కూడ నిద్ర చాలక అట్ల అయితుందనుకున్న. పరీక్షల ముంగట రెండు రాత్రులు సదివి పొద్దున లేస్తే మొదటిసారి పెద్ద ఫిట్ వచ్చి బాత్రూంల పడ్డ.

ఊర్లె ఒక డాక్టర్ కార్బమాజెపైన్ రాసిండు. పెద్ద ఫిట్ మళ్ళ రాలేదు గాని చేతులు ఎగురుడు రెట్టింపైంది. తినుడు కష్టమైంది. ఏడాది అట్లనే పోయింది. తర్వాత హైదరాబాద్‌ల న్యూరాలజిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున్నే చేతులు ఎగురుతాయా?" అప్పటిదాక ఎవ్వరు అడగలే, నేను చెప్పలే. దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ (ఈడొచ్చే పిల్లలకు చేతులు ఎగిరే మూర్ఛ) అంటరని, నేను ఏసుకుంటున్న గోలీతోనే ఎగురుడు పెరుగుతదని చెప్పిండు. మందు మార్చినంక ఇప్పటిదాక మంచిగున్న.

ఫిట్స్ అని తెలిస్తే సరిపోదు అక్కా, ఏ రకమో తెలిసేదాక అడుగుతనే ఉండాలె.

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | మంగళవారం, ఉదయం 6:15

నేను న్యూరాలజీలో డీఎం (నరాల వైద్యంలో పై చదువు) చేస్తున్న డాక్టర్ని. నైట్ డ్యూటీ దిగి చదివాను. కిరణం గారి అనుభవం మా ఓపీలో చాలామందిది. కార్బమాజెపైన్, ఫెనిటాయిన్ మంచి మందులే. మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కి బాగా పనిచేస్తాయి. అవే మందులు ఆబ్సెన్స్‌నీ, చేతులు ఎగిరే మయోక్లోనిక్ ఫిట్స్‌నీ పెంచగలవు. మందుల షాపులో "ఫిట్స్ బిళ్ళలు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మెదడులోని నరకణాలు విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఒక గుంపు కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా, ఒకే తాళంలో సంకేతాలు పంపితే అదే సీజర్. అది ఎక్కడ మొదలైందన్నది మేం మొదట చూసేది. అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం 2017లో ఇచ్చిన వర్గీకరణ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఒకచోట మొదలైతే ఫోకల్. అప్పుడు ఏం కనిపిస్తుందన్నది ఆ చోటు చేసే పనిని బట్టి ఉంటుంది. చేతిని నడిపే భాగమైతే చెయ్యి మాత్రమే కొట్టుకుంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. చూపు భాగమైతే రంగురంగుల వెలుగులు. కణతల దగ్గరి టెంపోరల్ భాగమైతే పొట్టలోంచి ఏదో పైకి లేచినట్టు, కారణం లేని భయం, ఇదంతా ముందే జరిగిపోయినట్టు ఒక భావన, లేని కాలిన వాసన. "గుండెల్లో ఏదో అయింది డాక్టరుగారూ" అని కార్డియాలజీ చుట్టూ తిరిగి మా దగ్గరికి వచ్చేవాళ్ళుంటారు. కొందరికి ఆ తర్వాత తెలివి మసకబారుతుంది. పెదాలు చప్పరిస్తారు, చొక్కా గుండీలు తడుముతారు, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తారు. ఒకటి రెండు నిమిషాలకి తేరుకుంటారు. అదే ఫిట్ మెదడంతా పాకితే మనిషి పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. చూసినవాళ్ళకి చివరి భాగమే గుర్తుంటుంది, మాకు కావలసింది మొదటి పది సెకన్లు. తల ఎటు తిరిగింది, ఏ చెయ్యి ముందు బిగిసింది, పడేముందు ఏమన్నాడు.

ఫిట్ మొదటి నుంచీ మెదడు రెండువైపులా ఒకేసారి ఉంటే జనరలైజ్డ్. పాపది అని అనుమానిస్తున్న ఆబ్సెన్స్, కిరణం గారి మయోక్లోనిక్ ఇందులోవే. ఒళ్ళంతా బిగిసి తర్వాత కొట్టుకునే టానిక్ క్లోనిక్ ఇందులోనూ ఉంది, ఫోకల్ పాకినా అదే రూపానికి వస్తుంది. కండరాల పట్టు ఒక్క క్షణం పోయి ధబ్బున కూలబడేది ఏటానిక్. ఆ పిల్లల నుదుటి మీద, గడ్డం మీద కుట్లు కనిపిస్తాయి, హెల్మెట్ పెట్టించాల్సి వస్తుంది.

ఒక్క ఫిట్ వచ్చినంత మాత్రాన ఎపిలెప్సీ కాదని కూడా చెప్పాలి. చక్కెర బాగా పడిపోయినా, సోడియం తగ్గినా, రోజూ తాగే మనిషి ఉన్నపళంగా తాగుడు ఆపినా ఫిట్ రావచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి జ్వరంతో వచ్చేవి వేరు. అవి చూడ్డానికి భయం పుట్టిస్తాయి గానీ ఎక్కువమంది పిల్లల్లో పెరిగేకొద్దీ ఆగిపోతాయి. ఇలాంటి తక్షణ కారణం లేకుండా 24 గంటలకి మించిన ఎడంతో రెండుసార్లు వస్తే ఎపిలెప్సీ అంటాం. ఒకసారే వచ్చినా, మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువని స్కాన్, ఈఈజీ చెబితే అప్పుడూ అంటాం.

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 8:00

చర్చ బాగా సాగుతోంది. ఎంత మోతాదు వేసుకుంటున్నారో మాత్రం ఎవరూ రాయవద్దు. ఒకరి మోతాదు చూసి ఇంకొకరు వేసుకునే ప్రమాదం ఉంది.

సిక్కోలు_నాన్న (శ్రీకాకుళం) | మంగళవారం, మధ్యాహ్నం 1:30

డాక్టరు గారూ, మావోడికి పదకొండేళ్ళు. నిరుడు బళ్ళో ఉండగా నోరు ఒకపక్కకి లాగీసి కుడిచెయ్యి కొట్టుకుందట. తెలివిలోనే ఉన్నాడు, "నాన్నా చెయ్యి ఆగట్లేదు" అని ఏడిచాడట. రెండు గంటల దాకా ఆ చెయ్యి పైకి ఎత్తలేకపోయాడు, పక్షవాతం అనుకుని గుండె జారిపోయింది. స్కానింగులో చిన్న ఉంగరం లాంటి మచ్చ ఉంది, పురుగు వల్ల అన్నారు. పంది మాంసం తింటారా అని అడిగారు. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. మరి ఏటి చేసి వచ్చింది? ఊళ్ళో మామీద ఏవేవో అంటున్నారు.

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | మంగళవారం, రాత్రి 8:50

ఊళ్ళోవాళ్ళకి ఈ జవాబు చదివి వినిపించండి.

దాన్ని న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. సరిగా ఉడకని పంది మాంసం తిన్న మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో గుడ్లు బయటికొస్తాయి. అతను బయలు ప్రదేశంలో మలవిసర్జన చేసినా, చేతులు కడుక్కోకుండా వంట చేసినా ఆ గుడ్లు నీళ్ళలోకి, కొత్తిమీర, క్యారెట్, కీర దోసలాంటి పచ్చిగా తినేవాటి మీదికి చేరతాయి. అవి తిన్నవాళ్ళ ఒంట్లో గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తి కడుతుంది. అంటే తలలో తిత్తి రావడానికి పంది మాంసం తినక్కర్లేదు. ఎవరి మలంలోని గుడ్డో మన తిండిలో పడితే చాలు. శుద్ధ శాకాహారులకీ వస్తుంది. మన దేశంలో పిల్లలకి వచ్చే ఫోకల్ ఫిట్స్‌కి ఇది పెద్ద కారణాల్లో ఒకటి.

మీ అబ్బాయిది ఒకే మచ్చ కాబట్టి ఆశ ఎక్కువ. చాలామందిలో అది నెలల్లో కరిగిపోతుంది. కరిగిందా, సున్నంలా గట్టిపడి మిగిలిందా అన్నది మళ్ళీ స్కాన్‌లో చూసి, ఫిట్స్ మందు ఎన్నాళ్ళో మీ డాక్టరు నిర్ణయిస్తారు. పురుగు మందు ఆల్బెండజోల్ బడిలో ఇచ్చే బిళ్ళే కదా అని సొంతంగా వేయకండి. తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ పెరగొచ్చు, అందుకే స్టెరాయిడ్‌తో కలిపి, డాక్టరు పర్యవేక్షణలో ఇస్తారు.

చెయ్యి ఎత్తలేకపోవడం పక్షవాతం కాదు. ఫిట్ ఆగాక ఆ భాగం కొంతసేపు అలసిపోతుంది, దాన్ని టాడ్స్ పరాలసిస్ అంటారు. నిమిషాల నుంచి ఒక రోజు లోపు దానంతటదే పోతుంది. మొదటిసారి అలా అయితే మాత్రం ఆస్పత్రికి పరిగెత్తడమే సరైన పని, మీరు అదే చేశారు.

సిక్కోలు_నాన్న (శ్రీకాకుళం) | మంగళవారం, రాత్రి 9:05

మీకు దండాలు బాబూ. మా ఆవిడకి చదివి వినిపించాను.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | బుధవారం, ఉదయం 7:20

నాది ఇంకో రకం, విన్నోళ్ళు నమ్మరు. తలకి వేడినీళ్ళు పోసుకుంటా ఉంటే వస్తుంది. మామూలుగా ఒంటికి పోసుకుంటే ఏం కాదు. ఆదివారం తలంటు రోజు, చెంబుతో నెత్తిమీద గబగబా పోసుకుంటా ఉంటే ఒక రకం హాయిగా, ఇంకా ఇంకా పోసుకోవాల అనిపిస్తాది. మా అమ్మ వచ్చి చూస్తే కళ్ళు ఒకచోట నిలిపేసి నీళ్ళు పోసుకుంటానే ఉండేవాణ్ణి, పిలిస్తే పలికేది లేదు. దేవుడు వచ్చినాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు అన్నారు. బెంగళూరులో నిమ్హాన్స్ అని మెదడు, నరాల పెద్దాసుపత్రిలో చూపిస్తే హాట్ వాటర్ ఎపిలెప్సీ అన్నారు. కర్ణాటక పక్క ఇట్లాంటి వాళ్ళు చాలామంది ఉన్నారంట.

నీళ్ళు గోరువెచ్చగా పెట్టుకోమన్నారు, నెత్తిమీద కుమ్మరించొద్దన్నారు. తలంటుకి ముందు వేసుకునే బిళ్ళ రాసిచ్చినారు. తలుపుకి లోపల గడియ పెట్టను. అంతే, జీవితం మామూలుగా పోతా ఉంది.

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | బుధవారం, ఉదయం 7:45

ప్రపంచంలో దీనిమీద ఎక్కువ పరిశోధన జరిగింది దక్షిణ భారతంలోనే, ముఖ్యంగా బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో. ఇందులో చాలామందికి ఫిట్ టెంపోరల్ భాగంలో మొదలవుతుంది. ముందు ఆ హాయి అనిపించడం, ఆపకుండా పోసుకోవడం వైద్య గ్రంథాల్లో నమోదైన లక్షణాలే.

పెద్దరాయుడు_గారు (పిఠాపురం) | బుధవారం, ఉదయం 10:30

చదువుకున్నవారంతా బాగానే రాస్తున్నారు. కానీ మా తరంలో ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెడితే రెండు నిమిషాల్లో తగ్గేది. ఇనుముకి ఆ గుణం ఉంది, నా కళ్ళతో చూశాను. నాలుక కొరుక్కోకుండా పళ్ళ మధ్య గుడ్డ పెట్టేవాళ్ళం. ఇవి తప్పని ఎందుకంటారు?

నైట్_డ్యూటీ_సిస్టర్ (ఖమ్మం) | బుధవారం, మధ్యాహ్నం 2:15

బాబాయిగారూ, మీరు చూసింది అబద్ధం కాదు. తాళాలు పెట్టారు, రెండు నిమిషాల్లో తగ్గింది. పెట్టకపోయినా తగ్గేది. పెద్ద ఫిట్ ఎక్కువసార్లు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. తాళాల కోసం వెతికేసరికే ఆ టైం అయిపోతుంది.

గుడ్డ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే క్యాజువాల్టీలో మేం చూసేది దాని ఫలితాలే. దవడ ఎంత బలంగా బిగుస్తుందంటే చెంచా పెడితే పన్ను విరుగుతుంది, వేలు పెడితే వేలు తెగుతుంది. విరిగిన పన్నో గుడ్డో గొంతులోకి పోతే ఊపిరే ఆగిపోతుంది. కొరుక్కున్న నాలుక వారంలో మానుతుంది. నాలుక మింగేస్తారన్నది జరగని పని.

ఏం చేయాలంటే, చుట్టూ ఉన్న కుర్చీలు, రాళ్ళు జరిపేయండి. తల కింద కండువాయో బ్యాగో పెట్టండి. మెడ దగ్గర గుండీ విప్పండి. కాళ్ళూ చేతులూ గట్టిగా నొక్కిపట్టకండి, భుజం కీలు తప్పుతుంది. కొట్టుకోవడం తగ్గుతుండగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నురగ బయటికి పోతుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు, సోడా, మందు ఏదీ నోట్లో పోయొద్దు. చెప్పు వాసన, ఉల్లిపాయ వాసన చూపించొద్దు. అన్నిటికంటే ముందు గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే, తెలివి రాకుండానే రెండోది మొదలైతే, ఊపిరి సరిగా అందకపోతే, గర్భిణి అయితే, నీళ్ళలో వచ్చి ఉంటే, జీవితంలో మొదటిసారి అయితే 108కి ఫోన్ చేయండి. ఐదు నిమిషాలు దాటిన ఫిట్ తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోతుంది, సేపు పెరిగేకొద్దీ మెదడుకి దెబ్బ. తరచూ పెద్ద ఫిట్స్ వచ్చేవాళ్ళకి ఇంట్లోనే వాడుకునే మిడజోలం ముక్కు స్ప్రే ఉంది, మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి.

పెద్దరాయుడు_గారు (పిఠాపురం) | బుధవారం, సాయంత్రం 6:00

అమ్మాయీ, కారణం చెప్పావు, ఒప్పుకున్నాను. మా వీధి వాట్సాప్ గ్రూపులో నీ మాటలు పెడుతున్నాను. కానీ పక్కకి తిప్పడం మనిషి కొట్టుకుంటున్నప్పుడే చేయాలా, ఆగాకా?

నైట్_డ్యూటీ_సిస్టర్ (ఖమ్మం) | బుధవారం, సాయంత్రం 6:40

వీలైతే అప్పుడే, బలవంతం లేకుండా. వీలుకాకపోతే ఆగిన వెంటనే. వెల్లకిలా మాత్రం వదిలేయొద్దు బాబాయిగారూ.

పసిబిడ్డ_తల్లి (నంద్యాల) | బుధవారం, రాత్రి 11:50

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా బాబుకి ఆరో నెల. నిద్ర లేచాక రెండు చేతులూ చాచి తల ముందుకి వంచుతాడు, దణ్ణం పెడుతున్నట్టు. ఒకటి అయ్యాక కొన్ని సెకన్లకి మళ్ళీ, అలా పది పదిహేను వరసగా. చివర్లో ఏడుస్తాడు. గ్యాస్ అని గ్రైప్ వాటర్ పడుతున్నాం. వారం నుంచి నవ్వడం తగ్గించాడు. ఇది కూడా అలాంటిదేనా?

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | గురువారం, రాత్రి 12:20

అమ్మా, రేపు ఉదయమే బయలుదేరండి. ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ (పసిపిల్లలకి వచ్చే ఒక రకం ఫిట్స్) అన్న అనుమానం కలుగుతోంది. కాకపోతే సంతోషం, కానీ అయితే ప్రతి వారమూ విలువైనదే. వరసలు వరసలుగా రావడం, నిద్ర లేచాక రావడం, నవ్వు తగ్గడం, ఈ మూడూ కలిస్తే ఆగకూడదు. పిల్లల న్యూరాలజీ ఉన్న పెద్ద ఆస్పత్రికి వెళ్ళి "ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ అనుమానం, ఈఈజీ కావాలి" అని ఆ మాటే చెప్పండి. ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. చికిత్సకి స్టెరాయిడ్, ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు, విగాబాట్రిన్ అనే మందు ఉన్నాయి. ఆలస్యమయ్యేకొద్దీ బిడ్డ ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది.

1841లో ఇంగ్లండులో వెస్ట్ అనే డాక్టరు తన సొంత కొడుకు ఇలాగే పదేపదే ముందుకి వంగడం గమనించి లాన్సెట్ అనే వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. అప్పుడు ఆయన చేతిలో ఏ మందూ లేదు. ఇప్పుడు ఉన్నాయి.

ఈఈజీ_గది (హైదరాబాద్) | గురువారం, ఉదయం 9:30

నంద్యాల అమ్మా, కర్నూలు మీకు దగ్గర. ఈఈజీకి బాబు నిద్రపోవాలి, దారిలో నిద్రపుచ్చకుండా తీసుకెళ్ళండి. తలకి నూనె రాయకండి.

మిగతావాళ్ళకి ఒక మాట. ఈఈజీ మామూలుగా వచ్చిందని ఫిట్స్ లేవని కాదు. మేం రికార్డు చేసేది అరగంట. ఆ అరగంటలో మెదడు ప్రశాంతంగా ఉంటే ఏమీ పడదు. ఇంకో సంగతి, ఒళ్ళంతా కొట్టుకున్నా ఈఈజీలో ఏ మార్పూ లేనివాళ్ళూ వస్తారు. కళ్ళు గట్టిగా మూసుకుని, తల అటూ ఇటూ ఊపుతూ, ఎక్కువసేపు ఉంటాయి అవి. మనసులోని తీవ్ర ఒత్తిడి ఒంటి ద్వారా బయటపడటం అది. "నాటకం" అని తిట్టి ఆడపిల్లల్ని ఏడిపించడం చూశాను, ఒళ్ళు మండిపోతుంది. అవి కావాలని తెచ్చుకునేవి కావు. వాటికి ఫిట్స్ మందు పనిచేయదు, కౌన్సెలింగ్ పనిచేస్తుంది.

లీడ్స్_లో_లక్ష్మి (ఇంగ్లండు) | గురువారం, సాయంత్రం 5:10

డాక్టరు గారు పెదాలు చప్పరించడం గురించి రాసింది చదివి అడుగుతున్నాను. విజయవాడలో ఉన్న మా అమ్మకి 68. అప్పుడప్పుడూ ఒక నిమిషం మాట ఆగిపోయి పమిట కొంగు నలుపుతూ ఉంటుందని, తర్వాత "ఇక్కడికెందుకొచ్చాం" అంటుందని నాన్న చెబుతున్నారు. మతిమరుపు మొదలైందన్నారు అక్కడి డాక్టరు. మూడేళ్ళ క్రితం చిన్న స్ట్రోక్ వచ్చింది.

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | గురువారం, రాత్రి 9:00

న్యూరాలజిస్ట్‌కి చూపించండి, స్ట్రోక్ సంగతి ముందే చెప్పండి. పెద్ద వయసులో కొత్తగా మొదలయ్యే ఎపిలెప్సీకి స్ట్రోక్ ముఖ్య కారణం. మతిమరుపు అయితే రోజంతా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. మీరు చెప్పింది వచ్చి పోతోంది, మధ్యలో ఆవిడ మామూలుగా ఉంటున్నారు. ఫోకల్ ఫిట్స్ అయితే తక్కువ మోతాదు మందుకే చాలామంది పెద్దవాళ్ళలో లొంగుతాయి.

చిన్నీ_వాళ్ళమ్మ (తెనాలి) | ఆదివారం, రాత్రి 8:30

గుంటూరులో చూపించాం. అన్నం దగ్గర ఫోన్ పెడితే రెండోరోజే వీడియో దొరికింది. డాక్టరు గారు అది చూసి, పాప చేత ఊదించారు, ఆయన ఎదుటే ఆగిపోయింది. ఈఈజీలోనూ అదే. చైల్డ్‌హుడ్ ఆబ్సెన్స్ ఎపిలెప్సీ అన్నారు. ఎథోసక్సిమైడ్ రాశారు. అది మా ఊళ్ళో దొరకలేదు, గుంటూరు నుంచి తెప్పించాం. వాల్ప్రోయేట్ అన్నిచోట్లా దొరుకుతుంది కదా, అదే ఎందుకు ఇవ్వలేదని మావారు అడుగుతున్నారు. ఇక మా అత్తగారు, ఎవరికీ చెప్పొద్దు, రేపు పెళ్ళి కాదు అని ఏడుస్తున్నారు. బడిలో చెప్పాలా వద్దా?

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | ఆదివారం, రాత్రి 10:10

మంచి ఎంపిక. అమెరికాలో 453 మంది ఆబ్సెన్స్ పిల్లల మీద మూడు మందులు పోల్చి చూశారు, 2010లో ఫలితాలు వచ్చాయి. ఎథోసక్సిమైడ్, వాల్ప్రోయేట్ సమానంగా పనిచేశాయి, లామోట్రిజిన్ వెనకబడింది. ఏకాగ్రత మీద దెబ్బ మాత్రం ఎథోసక్సిమైడ్‌తో తక్కువ. పైగా ఆడపిల్ల. గర్భం దాల్చాక వాల్ప్రోయేట్ వాడితే బిడ్డకి వెన్ను లోపాలు, తెలివితేటల లోపాలు వచ్చే ముప్పు ఎక్కువ, అందుకే వేరే దారి ఉన్నంతవరకూ ఆడపిల్లలకి దాన్ని మొదలుపెట్టం. ఎథోసక్సిమైడ్ పెద్ద ఫిట్స్‌ని ఆపదు, కాబట్టి అలాంటిది ఎప్పుడైనా వస్తే వెంటనే చెప్పండి. మందు అయిపోకముందే తెప్పించుకోండి, ఒక్క పూట కూడా తప్పకూడదు. ఈ రకం ఉన్న పిల్లల్లో చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి ఫిట్స్ ఆగిపోతాయి.

మూడుముళ్ళు (రాజమండ్రి) | ఆదివారం, రాత్రి 10:45

చెల్లీ, నాకు పదమూడో ఏట నుంచి ఎపిలెప్సీ. మీ అత్తగారికి నా సంగతి చెప్పండి. పెళ్ళిచూపుల్లోనే చెప్పాం. ఇద్దరు వెనక్కి వెళ్ళారు, మూడోవారు నా రిపోర్టులు తీసుకుని తమకి తెలిసిన డాక్టరుకి చూపించి సరే అన్నారు. దాచి చేసుంటే నేను రోజూ మందు దొంగతనంగా మింగాల్సి వచ్చేది. అలా దాచి, మందు మానేసి, అత్తారింట్లో ఫిట్ వచ్చి పుట్టింటికి వచ్చినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.

హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఎపిలెప్సీ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డంగా ఒక మాట ఉండేది. 1999లో చట్టం సవరించి దాన్ని తీసేశారు. గర్భానికి ముందే డాక్టర్ని కలిసి, మందు సరిచూసుకుని, ఫోలిక్ యాసిడ్ వేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాను. నాది లామోట్రిజిన్, గర్భంలో రక్తంలో దాని స్థాయి పడిపోతుందని మోతాదు పెంచి, కాన్పయ్యాక తగ్గించారు. పాలిచ్చాను. పిల్లలు బాగున్నారు.

భద్రాద్రి_అన్న (కొత్తగూడెం) | సోమవారం, ఉదయం 6:50

మా చెల్లెకు మూడు రకాల మందులు వాడినా నెలకు నాలుగైదు వస్తున్నయి. ఇగ ఇంతేనా? ఎవరన్న చెప్పండి.

న్యూరో_వార్డు (విశాఖపట్నం) | సోమవారం, మధ్యాహ్నం 3:20

ఇంతే కాదు. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే మందులకి లొంగని ఎపిలెప్సీ అంటాం. మూడో మందు, నాలుగో మందు అని ఏళ్ళు గడపకుండా అప్పుడే సర్జరీ చేసే కేంద్రానికి పంపాలి. ఫిట్ ఒకేచోట మొదలవుతోందని వీడియో ఈఈజీ, ఎమ్మారై రెండూ చూపిస్తే ఆ చోటు తీసేయవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకి లొంగని పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు, మందులతోనే ఉన్నవాళ్ళలో 7 శాతం మందికే లేవు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర వైద్య సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. అందరికీ సరిపడదు, కానీ సరిపడుతుందా అన్నది అడగడం మీ హక్కు. పెద్ద ఫిట్స్ ఆగకుండా వస్తుండటం, ముఖ్యంగా నిద్రలో, ప్రాణానికే ముప్పు. రాత్రి చెల్లెలు ఒంటరిగా పడుకోకుండా చూడండి.

చిన్నీ_వాళ్ళమ్మ (తెనాలి) | సోమవారం, రాత్రి 9:15

రాజమండ్రి అక్కా, మీరు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ రాత్రి మందు ఆవిడే వేశారు. ఇవాళ బడికి వెళ్ళి చెప్పాను. ఆ టీచరు నోటుపుస్తకం తీసి చూపించారు. ఒక వాక్యం మధ్యలో గీత కిందికి జారి, మళ్ళీ రెండు మాటల తర్వాత మొదలైంది. "నేను ఇన్నాళ్ళూ ఎర్ర ఇంకుతో గీశాను" అన్నారు. ఇకనుంచి ఆగినప్పుడల్లా తేదీ, టైం రాసి పెడతానన్నారు, వదిలిన మాట మళ్ళీ చెబుతానన్నారు.

ఒక్కటి మిగిలింది. దసరా సెలవులకి మా పుట్టింటికి వెళ్తే పిల్లలంతా కాలవలో ఈతకి వెళ్తారు. పాప ఇప్పటి నుంచే అడుగుతోంది.

నైట్_డ్యూటీ_సిస్టర్ (ఖమ్మం) | సోమవారం, రాత్రి 9:50

ఈసారికి వద్దు. నీళ్ళలో పది సెకన్లు తెలివి లేకపోయినా మునిగిపోవడానికి చాలు. ఫిట్స్ పూర్తిగా ఆగాయని డాక్టరు చెప్పాక, ఈత వచ్చిన పెద్దవాళ్ళు చేతికందే దూరంలో ఉంటే అప్పుడు దింపండి. సైకిల్ కూడా రోడ్డు మీద వద్దు, ఇంటి ముంగిట్లో తొక్కనివ్వండి. చెట్లెక్కడం, డాబా అంచుల మీద ఆటలు వద్దు. పరుగు, కబడ్డీ, డ్యాన్సు, మిగతా ఆటలన్నీ ఆడనివ్వండి.